దేహములో ఇన్ని నీళ్ళెందుకు?

70 కిలోల బరువుగల ఆరోగ్యవంతుడైన యువకుని దేహములో ఇంచుమించుగా 42 లీటర్ల నీరుండును. అనగా నూటికి 60 వంతులు. స్త్రీల దేహములో క్రొవ్వు కొంత హెచ్చగుటచే సగము, లేక అంతకు కొంచెము మించి, నీరుండును. అప్పుడే పుట్టిన శిశువులో నాలుగింట మూడు వంతులు నీరే. ముసలితనమున ఈ పాలు తగ్గి సగము దగ్గరకు వచ్చును. ఈ లెక్కలు మన పిల్లలు బడిలో చదువుకొనుచునే యున్నారు. కాని వీనిని విన్నపుడు చాలమందికి దేహమనగా నీళ్ళు నింపిన తోలుతిత్తి యను భావము కలుగును. అట్లయినచో చిన్న గాయము తగిలినంతనే అందులోని నీరంతయు కారిపోవలసినదే! అట్లు జరుగుట లేదు. మరి అన్ని నీళ్ళును ఎక్కడ దాగియున్నవి? అన్ని నీళ్ళు మనకెందుకు? అందులో ఏడెనిమిది లీటర్లు పోయినంతనే ప్రాణమునకు ముప్పు వచ్చుటకు కారణమేమి? ఈ మూడవ ప్రశ్న కేవలము శాస్త్రజ్ఞులకు సంబంధించినది కాదు. దీనికి సరియైన సమాధానము తెలియక పూర్వము కలరా వలనను, అతిసారము వలనను లక్షలకొలది జనులు, అందును పసిపిల్లలు, మరణించిరి. తెలిసిన తరువాత గూడ ఆ సమాధానము చేరని యిండ్లు ఇంకను గలవు.

ముందుగా ఒక సందేహము. బ్రదికియున్న మనిషిలో ఎంత నీరున్నదో కొలుచుట యెట్లు? దీనికొక చక్కని ఉపాయము కలదు. చెరువులో నీరెంత యున్నదో తెలియవలెనన్న దానిని తోడి పోయనక్కరలేదు. తెలిసిన కొలత ప్రకారము రంగు కలిపి, అది అంతటను వ్యాపించిన పిదప ఒక చెంబెడు నీరు ముంచి, ఆ రంగెంత పలుచనైనదో చూచిన చాలును. హంగరీ దేశీయుడైన హెవెసీ, తన సహచరుడు హోఫర్‌తో కలిసి 1934లో ఈ పని మనుష్యదేహము విషయముననే చేసెను. రంగునకు బదులు ఆయన వాడినది భారజలము. అది చూచుటకు నీటివలెనే యుండును. దేహము దానిని నీటివలెనే చూచును. కాని తూకములో కొంచెము హెచ్చగుటచే కనిపెట్టవచ్చును. దానిని కొలిచి త్రాగించి, కొన్నాళ్ళు మూత్రమును పరీక్షించగా దేహములోని మొత్తము నీరెంతయో తేలినది. దానితోపాటు మరియొక విశేషము గూడ బయటపడినది. త్రాగిన ఆ నీటిలో సగము వెడలిపోవుటకు సుమారు 9 దినములు పట్టినది. కావున ఈ మాటలు చదువుచున్న మీలోని నీటిలో సగము, పది దినముల క్రిందట మీలో లేదు. ఏ నూతిలోనో, ఏ కూరగాయలోనో, ఏ మేఘములోనో యుండినది.

ఇక ఈ నీరుండు చోటు. మూడింట రెండు వంతులు జీవకణముల లోపల నున్నది. కోట్లకొలది కణములలో సూక్ష్మమైన బిందువులుగా చిక్కుకొని యుండుటచేతనే అది గాయమునుండి కారిపోవుట లేదు. తక్కిన మూడవ వంతు కణముల వెలుపల, వాని సందులలోను రక్తములోను ఉండును. రక్తనాళములలో ప్రవహించు ద్రవభాగము, దీనినే ప్లాస్మా యందురు, 3 లీటర్లు మాత్రమే. 42 లీటర్లలో 3 లీటర్లు! ఈ మూడు లీటర్లే తక్కిన 39 లీటర్లకును ఆహారమును చేరవేసి, మలినమును మోసికొని వచ్చుచున్నవి. కండరములలో నూటికి 75 వంతులు నీరు. క్రొవ్వులో మిక్కిలి తక్కువ. ఎముకలలో గూడ కొంత యున్నది.

అన్ని నీళ్ళెందుకను ప్రశ్నకు మన పల్లెలలో ప్రతి రైతునకు తెలిసిన నిదర్శన మొకటి కలదు. గాదెలో వడ్లు నెలల తరబడి మార్పు లేక పడియుండును. ఆ గింజలో ప్రాణము లేకపోలేదు. ఉన్నది, కాని నిద్రించుచున్నది. నారు పోయుటకు ముందు రైతు ఆ వడ్లను నానవేసి, మండెకట్టును. రెండు మూడు దినములలో మొలక వచ్చును. అంతకుముందు లేనిదేమి, ఇపుడు వచ్చినదేమి? నీరు తప్ప వేరొకటి కాదు. జీవమనునది రసాయనిక వ్యాపారము. ఒక పదార్థము వేరొక పదార్థమును కలిసికొననిదే ఆ వ్యాపారము సాగదు. ఎండిన స్థితిలో అవి యెక్కడివక్కడ బిగిసికొని యుండును. నీటిలో కరిగినపుడే కదలి, తిరిగి, ఒకదానినొకటి చేరగలవు.

కరగించుటలో నీటికి సాటియైన ద్రవము మరియొకటి లేదు. నీటి అణువులో ఆమ్లజని యుండు కొన ఋణవిద్యుత్తు వైపునకు, ఉదజని యుండు కొనలు ధనవిద్యుత్తు వైపునకు మొగ్గియుండును. అందుచేత ఉప్పురవ్వ నీటిలో పడినంతనే దానిలోని సోడియమును ఒక కొనతోను, క్లోరైడును రెండవ కొనతోను లాగి విడదీయును. చక్కెర, యూరియా మొదలగునవి గూడ ఈ యాకర్షణకు లోబడినవే. నూనె లోబడదు, కావుననే క్రొవ్వును రక్తములో త్రిప్పుటకు దేహము దానిని మాంసకృత్తులతో పొదిగి పంపవలసి వచ్చుచున్నది. ఆ మాంసకృత్తులు గూడ తమ ఆకారమును నిలుపుకొనుట చుట్టునున్న నీటి వలననే. ఆకారము చెడినచో వాని పనియు చెడును.

నీటికి రెండవ గుణము వేడిని ఓర్చుట. ఏ పనియు చేయక ఊరక కూర్చున్న మనిషి దేహములో గూడ గంటకు సుమారు 70 కిలోకెలోరీల వేడి పుట్టుచుండును. ఆ వేడి బయటికి పోవు మార్గమే లేకపోయినచో దేహోష్ణము గంటకు ఒక డిగ్రీకి మించి పెరుగును. అంత మెల్లగా పెరుగుటకు గూడ లోపలి నీరే కారణము. ఇనుముతోనో, రాతితోనో చేసిన దేహమైనచో ఎన్నో రెట్లు త్వరగా కాగును. అయితే ఓర్చుటతో సరిపోదు, వేడిని బయటికి పంపవలెను. లీటరు చెమట చర్మముపై ఆవిరియైనచో తనతో సుమారు 580 కిలోకెలోరీల వేడిని తీసికొనిపోవును. వేసవిలో మట్టికుండలోని నీరు చల్లబడుట ఈ సూత్రము వలననే. కుండకు సన్నని రంధ్రములున్నట్లు మనకు స్వేదగ్రంథులున్నవి.

రెంటచింతలలోనో, రామగుండములోనో మే నెలలో గాలి 45 డిగ్రీలు తాకినపుడు ఏమగునో చూడుడు. చర్మపు వేడి 35 డిగ్రీల ప్రాంతమున నుండును. గాలియే దేహముకంటె వేడిగా నున్నందున దేహములోని వేడి గాలిలోనికి పోవుటకు మారు, గాలిలోని వేడియే దేహములోనికి వచ్చును. అప్పుడు మిగిలిన ద్వార మొక్కటే, చెమట. కోస్తా ఊళ్ళలో బాధ వేరు. అక్కడ గాలి అప్పటికే తేమతో నిండియుండుటచే చెమట ఆవిరి కాక కారిపోవును. కారిపోయిన చెమట మనలను చల్లబరుపదు. నీరు మాత్రము నష్టము. ఉక్కపోత యని మనము విసుగుకొనుట యూరక కాదు.

ఎండలో రాళ్ళు కొట్టువాడు గంటకు లీటరునకు పైగా చెమట రూపమున కోల్పోవచ్చును. ఆ నష్టము మొదట పడునది రక్తముమీద. రక్తము తగ్గినకొలది గుండె వేగముగా కొట్టుకొని సరిదిద్దజూచును. మరికొంత తగ్గినపుడు దేహము ముఖ్యాంగముల నిమిత్తము చర్మమునకు పోవు రక్తమును తగ్గించును. చర్మమునకు రక్తము చేరనిదే లోపలి వేడి బయటికి రాదు. వడదెబ్బ తగులు త్రోవలలో ఇది యొకటి. దాహమైనపుడు త్రాగుదుములే యని నిశ్చింతగా నుండవచ్చునా? రెండవ ప్రపంచ యుద్ధకాలమున అమెరికా ఎడారులలో అడాల్ఫ్ అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును సైనికులను పరీక్షించిరి. కావలసినంత నీరు చేరువనే యున్నను, ఎండలో పనిచేయువారు పోయిన దానికంటె తక్కువ త్రాగిరి. ఆ లోటు తరువాత భోజనసమయమున తీర్చుకొనిరి. దాహము కావలివాడే, కాని కొంచెము ఆలస్యముగా మేల్కొను కావలివాడు.

నీరు త్రాగిన మాత్రముననే అంతయు సరిపోవునా యన్న ప్రశ్నకు సమాధానము ఇంగ్లండు బొగ్గుగనులలో దొరకినది. అక్కడి లోతైన గనులలో వేడికి చెమటలు క్రక్కుచు పనిచేయు కూలీలకు భరింపరాని కండరముల పీకులు వచ్చుచుండెడివి. 1923లో మాస్ అను శాస్త్రజ్ఞుడు దీనిని పరిశీలించి, వారికి పీకులు వచ్చుట నీరు చాలక కాదు, ఉప్పు లేని నీటిని విస్తారముగా త్రాగుట వలననని తేల్చెను. చెమటతో ఉప్పు గూడ పోయినది. దాని స్థానమున వట్టి నీరు చేరి మిగిలిన ఉప్పును పలుచన చేసినది. త్రాగు నీటిలో కొంచెము ఉప్పు కలిపి యిచ్చినంత పీకులు తగ్గినవి. ఎండనబడి వచ్చినవానికి ఉప్పు వేసిన మజ్జిగ నిచ్చు మన యిల్లాండ్రకు మాస్ పేరు తెలియనక్కరలేదు గాని, చేసిన పని యొక్కటే.

దేహము కాపాడుకొనునది నీటి పరిమాణమును మాత్రమే కాదు, నీటికిని ఉప్పునకును గల పాలును. లీటరు ప్లాస్మాలో సుమారు 9 గ్రాముల లవణము లుండును. ఈ పాలు నూటికి ఒకటి రెండు వంతులు హెచ్చినచో మెదడు అడుగుభాగమున నున్న కొన్ని కణములు వెంటనే గుర్తించి, దాహమును పుట్టించి, ఒక హార్మోనును విడుదల చేయును. మూత్రపిండములు దినమునకు 180 లీటర్ల ద్రవమును వడగట్టి, అందులో లీటరున్నర మాత్రమే మూత్రముగా బయటికి పంపి, తక్కినదంతయు వెనుకకు తీసికొనును. ఎంత తీసికొనవలెనో చెప్పునది ఈ హార్మోనే. అది వచ్చినపుడు మూత్రపిండముల కణములలో నీటికి ప్రత్యేకముగా నున్న సన్నని దారులు తెరువబడును. ఈ దారులను కనిపెట్టిన పీటర్ ఆగ్రేకు 2003లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. సముద్రమధ్యమున చిక్కినవాడు సముద్రపు నీరు త్రాగి చచ్చుటకు కారణము గూడ ఈ పాలే. లీటరు సముద్రజలములో 35 గ్రాముల లవణము లున్నవి. అంత ఉప్పును అంత కొద్ది నీటిలో బయటికి నెట్టు శక్తి మన మూత్రపిండములకు లేదు. వచ్చిన ఉప్పును కడుగుటకు దేహము తన సొంత నీటినే ఖర్చు చేయవలసి వచ్చును. అట్లే, చాల దూరము పరుగెత్తు పందెములలో దాహము లేకున్నను లీటర్లకొలది వట్టి నీరు త్రాగి, రక్తములోని సోడియము పడిపోయి, మరణించినవారు గూడ కలరు.

ఈ సందర్భమున ఒక మాట. దినమునకు ఎనిమిది గ్లాసుల నీరు త్రాగి తీరవలెనని ఇటీవల చాలమంది నోట వినవచ్చుచున్నది. 1945లో అమెరికాలోని ఆహార పోషకాహార సంఘము మనిషికి దినమునకు రెండున్నర లీటర్ల నీరు కావలెనని చెప్పినమాట నిజమే. కాని అందులో చాలభాగము మనము తిను ఆహారములోనే యున్నదని గూడ ఆ వెంటనే చెప్పినది. రెండవ వాక్యమును జనులు మరచిరి. వండిన అన్నములో మూడింట రెండు వంతులు నీరు. దోసకాయలో నూటికి 95 వంతులు. పప్పుచారు, మజ్జిగల సంగతి చెప్పనక్కరలేదు. నీడపట్టున పనిచేయువానికి గ్లాసుల లెక్కతో పనిలేదు. ఎండలో పనిచేయువానికి ఎనిమిది గ్లాసులు చాలవు.

ఇక మూడవ ప్రశ్నకు వచ్చెదము. మన ప్రేవులలో ప్రతిదినము జరుగు జమాఖర్చు మిక్కిలి వింతయైనది. మనము ఆహారపానీయములతో లోనికి పంపు నీరు రెండు లీటర్లు. దీనికి తోడు లాలాజలము, జఠరరసము, పైత్యరసము, క్లోమరసము, ప్రేవుల రసము అన్నియు కలిసి మరి 7 లీటర్లు రక్తమునుండి ప్రేవులలోనికి దిగును. మొత్తము 9 లీటర్లు. మలముతో బయటికి పోవునది 100 లేక 200 మిల్లీలీటర్లు మాత్రమే. తక్కిన దంతయు ప్రేవుల గోడలు తిరిగి పీల్చుకొని రక్తమునకు అప్పగించును. ప్లాస్మా 3 లీటర్లే యని పైన చెప్పుకొంటిమి. అనగా దానికి రెండింతలకు మించిన ద్రవము దినదినము ప్రేవులలోనికి అప్పుగా పోయి, తిరిగి వచ్చుచున్నది. ఈ అప్పు ఒక్కపూట తిరిగి రాకపోయినచో?

కలరాలో జరుగునది అదియే. 1959లో కలకత్తాలో శంభునాథ్ దే కలరా క్రిమి విషమును స్రవించుననియు, రోగమునకు ఆ విషమే మూలమనియు నిరూపించెను. ఆ విషము ప్రేవుల గోడలను చీల్చదు, కాల్చదు. కణములచే లవణమును నీటిని ఎడతెగక ప్రేవులలోనికి క్రుమ్మరింపజేయును. తీవ్రమైన రోగములో గంటకు లీటరు వరకు పోవచ్చును. ఉదయమున పొలమునకు పోయిన మనిషి సాయంకాలమునకు కన్నులు గుంటలుపడి, నాడి చిక్కక, మరణించుట పూర్వము మన యూళ్ళు చూచినదే. అమ్మవారి ఆగ్రహమని భయపడిన ఆ చావు, నిజమునకు రక్తములో నీరు లేక ఆగిపోయిన ప్రవాహము. పసిపిల్లల సంగతి ఇంకను కష్టము. పెద్దవాని కణముల వెలుపలి ద్రవములో దినమునకు ఏడవ వంతు మారినచో, శిశువులో సగమునకు దగ్గరగా మారును. పోవుట ఒక్కపూట కొనసాగి, వచ్చుట ఆగెనా, బిడ్డ వాడిపోవును.

పోయినదానిని తిరిగి యిచ్చినచో బ్రదుకునన్న ఊహ క్రొత్తది కాదు. ఇంగ్లండులో కలరా చెలరేగినపుడు ఓషానెస్సీ అను యువవైద్యుడు రోగుల రక్తమును పరీక్షించి నీరును ఉప్పును తగ్గినవని చూపెను. దానిని చదివి, 1832లో స్కాట్లండునందలి లీత్ పట్టణమున తామస్ లాట్టా రోగుల రక్తనాళములలోనికి ఉప్పునీరెక్కించెను. కొందరు బ్రదికిరి. తోడి వైద్యులు దానిని పట్టించుకొనక విడిచిపెట్టిరి. అనేక దశాబ్దములకు పిమ్మట కలకత్తాలో లియొనార్డ్ రోజర్స్ ఆ పద్ధతిని స్థిరపరచెను. సెలైను సీసా అట్లు వచ్చినది. కాని సెలైనుకు సూది కావలెను, శుద్ధిచేసిన ద్రవము కావలెను, ఎక్కించుటకు తెలిసినవారు కావలెను. ఇవియన్నియు ఉన్న చోటికి చేరులోపలనే రోగి ప్రాణము పోవుచుండెను.

నోటితో త్రాగింపరాదా? ఉప్పునీరు మాత్రము త్రాగించి చూచిరి. అది గూడ విరేచనములలోనే పోయినది. తెరువు చూపినది చక్కెర. 1953లో కలకత్తా వైద్యుడు హేమేంద్రనాథ్ చటర్జీ, ఉప్పును గ్లూకోసును కలిపిన నీటిని నోటితో నిచ్చి, మరీ ముదరని 186 మంది కలరా రోగులను బాగుచేసినట్లు ప్రకటించెను. ఇది ఏల పనిచేసినదో 1960లో రాబర్ట్ క్రేన్ వివరించెను. ప్రేవుల కణములలో ఒక ప్రత్యేకమైన ద్వారము కలదు. అందులో సోడియమును గ్లూకోసును జంటగానే ప్రవేశించును. ఒకటి లేనిదే రెండవది పోదు. ఆ రెండింటి వెంట నీరు లోనికి పోవును. కలరా విషము తక్కిన ఏర్పాట్లను తారుమారు చేసినను, ఈ జంటద్వారమును మాత్రము మూయలేదు!

దీనికి పరీక్ష 1971లో జరిగినది. బంగ్లాదేశ్ యుద్ధకాలమున లక్షలకొలది కాందిశీకులు పశ్చిమ బెంగాలునకు వచ్చిపడిరి. సరిహద్దుననున్న బన్‌గావ్ శిబిరమున కలరా ప్రబలి, సెలైను సీసాలు నిండుకొన్నవి. రోగులు నేలమీదనే పడియుండిరి. అక్కడి వైద్యుడు దిలీప్ మహలనబిస్, ఉప్పు, గ్లూకోసు, సోడాఉప్పు కలిపిన పొట్లములను కలకత్తాలో తయారుచేయించి తెప్పించి, పీపాలలో నీటిలో కలిపించెను. రోగుల బంధువులే గిన్నెలతో పట్టుకొని త్రాగించిరి. అంతకుముందు నూటికి 30 వరకు నుండిన మరణములు ఆ చికిత్స పొందిన మూడువేలకు మించిన రోగులలో నాలుగునకు లోపునకు దిగినవి. వైద్యుడు తాకకనే, తల్లియో అన్నయో పట్టించిన నీటితో రోగి బ్రదుకుట పెద్దలగు వైద్యులకు మొదట నమ్మశక్యము కాలేదు. 1978లో లాన్సెట్ పత్రిక ఈ ద్రావణమును ఆ శతాబ్దపు వైద్యవిజయములలో అత్యంత ముఖ్యమైనది కావచ్చునని వ్రాసినది. మహలనబిస్ 2022లో మరణించెను. మరుసటి యేట మన ప్రభుత్వము ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించినది.

1980 ప్రాంతమున ప్రపంచములో అతిసారముచే మరణించు అయిదేండ్లలోపు పిల్లల సంఖ్య ఏటా 40 లక్షలకు పైమాట. నేడది అయిదు లక్షల దరికి దిగినది. మంచినీరు, టీకాలు, పారిశుద్ధ్యము తోడైనవి గాని, ఈ పొట్లపు పాలు చిన్నది కాదు. అయినను మన యిండ్లలో ఒక పాతమాట అడ్డుపడుచున్నది: లంఖణము పరమౌషధమట. జ్వరములో పెద్దవాడు ఒకపూట తినకున్న నష్టము లేకపోవచ్చును. కాని విరేచనములగు బిడ్డకు, త్రాగించినకొలది హెచ్చునని పాలు మాన్పించి, నీరు మాన్పించుట కంటె అపాయకరమైన పథ్యము లేదు. విరేచనము త్రాగిన నీటివలన వచ్చుట లేదు. బిడ్డ రక్తమునుండి వచ్చుచున్నది. త్రాగింపకున్నను పోవును, తిరిగి చేరదు, అంతే భేదము.

ఓ.ఆర్.ఎస్. పొట్లము ఆరోగ్యకేంద్రములలోను, మందుల దుకాణములలోను దొరకును. పొట్లముపై వ్రాసినంత నీటిలో మొత్తమును ఒక్కసారిగా కలుపవలెను. సగము పొట్లము, అందాజు నీరు పనికిరావు. పాలు తప్పినచో లాభము పోవును. పొట్లము దొరకువరకు ఇంటిలో చేయదలచినచో, కాచి చల్లార్చిన లీటరు నీటిలో తలకొట్టిన ఆరు టీచెంచాల చక్కెర, తలకొట్టిన అర టీచెంచా ఉప్పు. ఉప్పు ఇంతకు మించరాదు. మించినచో సముద్రపు నీటి కథయే యగును. ఉప్పు వేసిన గంజి గూడ మంచిదే. బియ్యపు పిండి ప్రేవులలో మెల్లమెల్లగా గ్లూకోసుగా మారి ఆ జంటద్వారమునకే చేరును. చనుపాలు మాన్పరాదు. కన్నులు గుంటపడినను, ఏడ్చినపుడు కన్నీరు రాకున్నను, పొట్టపై చర్మమును చిటికెతో పట్టి విడిచినపుడు వెంటనే సర్దుకొనకున్నను, బిడ్డ మగతగా పడియుండి త్రాగలేకున్నను తడయక ఆసుపత్రికి తీసికొనిపోవలెను. త్రోవలో త్రాగగలిగినంత త్రాగించుచునే యుండవలెను. రెండేండ్లలోపు బిడ్డకు గ్లాసుతో గుటగుట త్రాగింపక, ఒకటి రెండు నిమిషముల కొక చెంచా చొప్పున పట్టుడు. వాంతియైనచో పది నిమిషము లాగి, మరల మొదలుపెట్టి, ఈసారి ఇంకను మెల్లగా.